ఎం81 వైపు తిప్పితే ఆటోగైడర్ కాలిబ్రేషన్ ఆగిపోతోంది

ప్రశ్న (సోంపేట, శ్రీకాకుళం జిల్లా)

అందరికీ నమస్కారం. సప్తర్షి మండలంలోని ఎం81 గెలాక్సీని ఫొటో తీయాలని మా తోటలో పరికరాలు అమర్చుకున్నాను. గైడ్ స్కోప్ నాభ్యంతరం 120 మి.మీ., గైడ్ కెమెరా పిక్సెల్ 3.75 మైక్రాన్లు. కెమెరాను మౌంట్‌కు (టెలిస్కోపును మోటార్లతో తిప్పే పీఠం) సవరణ పల్సులు పంపే ఎస్‌టీ-4 కేబుల్‌తో కలిపాను. గైడ్ రేటు (నక్షత్రాల వేగంలో సవరణ వేగం ఎన్నో వంతు) 0.5, కాలిబ్రేషన్ స్టెప్ (ఒక్కో పల్సు నిడివి) 500 మిల్లీసెకన్లు. పీహెచ్‌డీ2 అనే గైడింగ్ సాఫ్ట్‌వేర్‌లో కాలిబ్రేషన్ (పల్సులకు చుక్క ఎటు, ఎంత కదులుతుందో కొలవడం) మొదలుపెడితే పడమటి దిశలో చుక్క కదిలీ కదలనట్టు జరిగి, చివరకు నక్షత్రం తగినంత కదలలేదన్న సందేశంతో ఆగిపోతోంది. ధ్రువ నక్షత్రం మాకు 19 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. 2018 నాటి తిత్లీ తుపాను తర్వాత నాటిన కొబ్బరి చెట్లు ఇప్పుడు సరిగ్గా దానికి అడ్డం వచ్చాయి. అందువల్ల పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ అక్షాన్ని ఖగోళ ధ్రువం వైపు సరిచేయడం) ఉజ్జాయింపుగానే చేశాను. లోపం అక్కడ ఉందా, మోటారులో ఉందా?

జవాబు (విజయనగరం)

పోలార్ అలైన్‌మెంట్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అది కొంత తప్పితే చుక్క నెమ్మదిగా జారుతుందే గాని, పల్సులిచ్చినా కదలకుండా ఉండదు. మీరిచ్చిన అంకెల్లోనే కారణం కనిపిస్తోంది. 206.265ను 3.75తో గుణించి 120తో భాగిస్తే పిక్సెల్‌కు సుమారు 6.45 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతులు) వస్తుంది. గైడ్ రేటు 0.5 అంటే సెకనుకు 7.5 ఆర్క్ సెకన్లు కాబట్టి, మీ పల్సు ఒక్కొక్కటి ఖగోళ మధ్యరేఖ దగ్గర కూడా చుక్కను 0.58 పిక్సెల్ మాత్రమే జరుపుతుంది. ఎం81 డెక్లినేషన్ (ఖగోళ మధ్యరేఖ నుంచి కోణదూరం) 69 డిగ్రీలు; అక్కడ ఆర్‌ఏ (తూర్పు-పడమర) కదలిక ఆ కోణపు కొసైన్ మేరకు, అంటే 0.36 వంతుకు తగ్గిపోయి, పల్సుకు 0.21 పిక్సెల్ మిగులుతుంది. పీహెచ్‌డీ2 మామూలుగా 25 పిక్సెళ్ళ కదలిక అడుగుతుంది, 60 పల్సుల్లో అది రాకపోతే చేతులెత్తేస్తుంది. మీ 60 పల్సులూ కలిపినా 13 పిక్సెళ్ళు దాటవు.

మార్చి చివర్లో రాత్రి పది గంటల ప్రాంతంలో ఎం81తో పాటే సింహరాశిలోని మఘ కూడా యామ్యోత్తర రేఖ మీదికి వస్తుంది. దాని డెక్లినేషన్ 12 డిగ్రీలే, మనకు దాదాపు నడినెత్తిన ఉంటుంది. టెలిస్కోపును అటు తిప్పి, స్టెప్‌ను 1800 మిల్లీసెకన్లకు పెంచి కాలిబ్రేట్ చేయండి. మఘనే గైడ్ నక్షత్రంగా పెట్టుకోవద్దు, అది కెమెరాకు మరీ ప్రకాశవంతం. ఆ పక్కనున్న మసక చుక్కను ఎంచుకోండి.

జవాబు (శ్రీకాకుళం)

పై లెక్కతో పేచీ లేదు గాని, ఎస్‌టీ-4 కేబుల్ పల్సులను మోసుకెళ్తుందే తప్ప టెలిస్కోపు ఎటు చూస్తోందో పీహెచ్‌డీ2కు చెప్పదన్న సంగతి అందులో రాలేదు. మఘ దగ్గర చేసిన కాలిబ్రేషన్‌తో ఎం81కు వెళ్తే ఆ 0.36 వంతు తేడా దానికి తెలియక, ఆర్‌ఏలో అవసరమైన దానికంటే చిన్న సవరణలే పంపుతుంది. మౌంట్‌ను ఆస్కామ్ డ్రైవర్ (కంప్యూటర్‌ను మౌంట్‌తో నేరుగా మాట్లాడించే సాఫ్ట్‌వేర్) ద్వారా కలిపినా, ఎస్‌టీ-4ను అలాగే ఉంచి దిశ చెప్పడానికి మాత్రం ఆ డ్రైవర్‌ను ‘ఆక్స్ మౌంట్’గా చేర్చినా ఈ చిక్కు తీరుతుంది. ఆ వీలు లేకపోతే ఎం81 దగ్గరే, సుమారు 5000 మిల్లీసెకన్ల స్టెప్‌తో కాలిబ్రేట్ చేసుకోవాలి.

కేబుల్ కూడా ఒకసారి చూడండి. ఎస్‌టీ-4కు ఆరు తీగలు కావాలి. నాలుగు తీగల ల్యాండ్‌లైన్ వైరుతో చేసుకున్నదైతే చివరి పిన్‌కు తీగ ఉండదు, ఆర్‌ఏలో ఒక దిశ పనిచేయదు. ఇక మన తీరపు ఉక్కపోతలో, చల్లబరిచే ఏర్పాటు లేని కెమెరాకు డిసెంబరులో తీసిన డార్కులు (హాట్ పిక్సెళ్ళను, అంటే ఊరికే వెలిగే లోపపు పిక్సెళ్ళను తీసేయడానికి మూతపెట్టి తీసే ఫొటోలు) ఎండాకాలం పనికిరావు. హాట్ పిక్సెల్‌ను చుక్క అనుకొని ఎంచుకుంటే అది ఎన్ని పల్సులకూ కదలదు.

ప్రశ్న అడిగినవారు

కేబుల్ కొన్నదే, ఆరు తీగలూ ఉన్నాయి. అయినా ఆస్కామ్ ద్వారా కలిపి మఘ పక్కన 1800తో చేశాను. పడమర, తూర్పు సక్రమంగా పూర్తయ్యాయి. ఉత్తరం వైపు మాత్రం మొదటి కొన్ని పల్సులకు చుక్క ఉన్నచోటే ఉండి తర్వాత కదిలింది. దక్షిణానికి తిరిగి వస్తూ బయల్దేరిన చోటికి చేరకుండానే ఆగింది.

జవాబు (విజయనగరం)

అది డెక్ (డెక్లినేషన్, అంటే ఉత్తర-దక్షిణ) గేర్లలోని బ్యాక్‌లాష్. ఆర్‌ఏ మోటారు ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంది, 0.5 రేటు పల్సు దాని వేగాన్ని పెంచడమో తగ్గించడమో చేస్తుందే తప్ప వెనక్కి తిప్పదు గనుక, పళ్ళ మధ్య వదులు అక్కడ బయటపడదు. డెక్‌లో దిశ మారిన ప్రతిసారీ ముందు ఆ వదులు పూడాలి. ఉత్తరపు కొలత వదులు పూడాకే తీసుకుంటుంది కాబట్టి మీ కాలిబ్రేషన్ చెల్లుతుంది. పీహెచ్‌డీ2లోని గైడింగ్ అసిస్టెంట్‌తో వదులు ఎంతో కొలవండి. మరీ ఎక్కువైతే వార్మ్ గేరును కాస్త బిగించవచ్చు గాని, అతిగా బిగిస్తే మోటారు పట్టేస్తుంది. నేనైతే దాని జోలికి చివరనే వెళ్తాను.

మీ ఉజ్జాయింపు పోలార్ అలైన్‌మెంట్ ఇక్కడ పనికొస్తుంది. డెక్ గైడింగ్ ఆపేసి, చుక్క ఉత్తరానికి జారుతోందో దక్షిణానికి జారుతోందో కొన్ని నిమిషాలు చూసి, దానికి ఎదురు దిశలో మాత్రమే సవరించేలా డెక్ గైడ్ మోడ్ పెట్టండి. మరో వైపు ఆకాశానికి తిప్పితే జారే దిశ మారవచ్చు, అప్పుడు మళ్ళీ చూసుకోవాలి.