రౌటర్ వాయిస్ క్లాసులో డ్రాపులు (పారేసిన ప్యాకెట్లు) సున్నా, అయినా ఫోన్లో మాట తెగుతోంది. ప్రయారిటీ పర్సెంట్ (ముందుగా పంపే వాటా) పెంచాలా?

నరసాపురం_ల్యాన్:
నమస్కారమండి. హెడ్డాఫీసు భీమవరం, రొయ్యల ప్లాంటు నరసాపురం దగ్గర. ప్లాంటు లైను 20 ఎంబీపీఎస్ ఫైబర్, ఇచ్చిన పోర్టు మాత్రం గిగాబిట్. రెండు చోట్లా సిస్కో ఐఓఎస్ ఎక్స్‌ఈ రౌటర్లు, మధ్యలో ఐపీసెక్ టన్నెల్ (ఎన్‌క్రిప్ట్ చేసిన దారి). ఫోన్లు జీ.711 (మాటని అంకెలుగా మార్చే పద్ధతి), ఒకేసారి పది కాల్స్‌కి మించవు. సాయంత్రం కెమెరా ఫుటేజీ భీమవరం సర్వరుకి ఎక్కుతుంటే ప్లాంటులో మా మాట భీమవరం వాళ్ళకి ముక్కలు ముక్కలుగా వెళుతోంది. వాళ్ళ మాట మాకు శుభ్రంగా వినిపిస్తోంది.

వ్యాన్ పోర్టు (బయటి లైను తగిలే పోర్టు) మీద ఔట్‌పుట్ పాలసీ ఉంది: ఈఎఫ్‌ (వాయిస్ అని చెప్పే గుర్తు) వచ్చిన వాయిస్ క్లాసుకి ప్రయారిటీ పర్సెంట్ 20, మిగతాదంతా క్లాస్-డిఫాల్ట్. షో పాలసీ-మ్యాప్ ఇంటర్‌ఫేస్ కొడితే వాయిస్ క్లాసులో ప్యాకెట్ల లెక్క పెరుగుతోంది, డ్రాపులు ఎక్కడా లేవు. పర్సెంట్ 40 చేస్తే సరిపోతుందాండి?

గట్టుమీద_రౌటర్:
ఎంత పెంచినా లాభం లేదండి. జబ్బేంటో ఆ సున్నాలే చెబుతున్నాయి. మీ రౌటర్ ఆ పోర్టుని 1000 ఎంబీపీఎస్ అనుకుంటోంది, అంటే ఇప్పుడు మీరు వాయిస్‌కి రాసిచ్చింది 200 ఎంబీపీఎస్! పోర్టు నిండితేనే క్యూ పుడుతుంది, క్యూ ఉంటేనే ప్రయారిటీకి పని. 20 దాటిన ట్రాఫిక్‌ని అవతల ప్రొవైడర్ పోలీసర్ కొట్టేస్తోంది. దానికి వాయిస్, ఫుటేజీ తేడా తెలియదు. వంతులవారీగా నీళ్ళివ్వాలంటే ముందు లాకు మన చేతిలో ఉండాలి కదండీ.

కాబట్టి మీ రౌటర్లోనే షేపింగ్ (పంపే వేగాన్ని హద్దులో ఆపడం) పెట్టి, దాని లోపల క్యూలు పెట్టండి. సిగ్నలింగ్ అంటే కాల్ కలిపే, తెంపే సందేశాలు:

పాలసీ-మ్యాప్ లోపలిది
 క్లాస్ వాయిస్
  ప్రయారిటీ పర్సెంట్ 10
 క్లాస్ సిగ్నలింగ్
  బ్యాండ్‌విడ్త్ రిమైనింగ్ పర్సెంట్ 5
 క్లాస్ కెమెరా
  బ్యాండ్‌విడ్త్ రిమైనింగ్ పర్సెంట్ 35
 క్లాస్ క్లాస్-డిఫాల్ట్
  ఫెయిర్-క్యూ

పాలసీ-మ్యాప్ బయటిది
 క్లాస్ క్లాస్-డిఫాల్ట్
  షేప్ యావరేజ్ 19000000
  సర్వీస్-పాలసీ లోపలిది

పోర్టు మీద ఉన్న పాత పాలసీ తీసేసి, ఔట్‌పుట్ వైపు బయటిదాన్ని తగిలించండి. 20కి బదులు 19 ఎందుకంటే, ఫ్రేముకి ఫ్రేముకి మధ్య ఖాళీ, ప్రియాంబుల్, చివరి చెక్‌సమ్ కలిపి 24 బైట్లు షేపర్ లెక్కలోకి రావు. ప్రొవైడర్ వాటినీ లెక్కేస్తే 20 పెట్టినా వాళ్ళ పోలీసర్ తగులుతుంది. వాయిస్ ప్యాకెట్లు చిన్నవి కాబట్టి ఆ తేడా వాటి దగ్గరే ఎక్కువ కనబడుతుంది.

పది పర్సెంట్ చాలు. జీ.711 కాల్ ఈథర్నెట్ మీద 87.2 కేబీపీఎస్, ఐపీసెక్ తొడిగాక 110 నుంచి 125 దాకా. పది కాల్స్‌కి 1.25 ఎంబీపీఎస్ అనుకుందాం. 19లో పది శాతం 1.9.

కెమెరాల్ని ఐపీ అడ్రస్‌తో వ్యాన్ పోర్టు దగ్గర పట్టుకోబోతే దొరకవు. అక్కడికొచ్చేసరికి ఎన్‌క్రిప్ట్ అయిపోతాయి, బయటి హెడర్‌లోకి డీఎస్‌సీపీ (ప్యాకెట్ ఏ తరగతిదో చెప్పే గుర్తు) ఒక్కటే కాపీ అయి వస్తుంది. ల్యాన్ పోర్టు (లోపలి వైపు పోర్టు) ఇన్‌పుట్‌లో యాక్సెస్ లిస్టుతో పట్టుకుని ఏఎఫ్11 అనే డీఎస్‌సీపీ మార్క్ చేయండి, వ్యాన్ దగ్గర ఏఎఫ్11ని మ్యాచ్ చేయండి.

కోనసీమ_టవర్:
పై జవాబు సరైనదండి. రెండో వైపు కూడా చూసుకోండి. భీమవరం లైను ప్లాంటు లైను కంటే పెద్దదైతే, అక్కడి రౌటర్ మీ 20ని ఎరగదు. రేపు వాళ్ళు పెద్ద ఫైలు పంపితే ఇదే గోల తిరగబడుతుంది. భీమవరంలో నరసాపురం వైపు వెళ్ళేదానికి విడిగా 19కి షేప్ చేయాలి. బ్రాంచీలు ఎక్కువైతే బ్రాంచికో క్లాసు. వచ్చేసిన ట్రాఫిక్‌ని ప్లాంటు రౌటర్లో క్యూ కట్టినా అప్పటికే డ్రాపైన ప్యాకెట్ తిరిగి రాదు.

నరసాపురం_ల్యాన్:
పెట్టానండి, మాట బాగుంది. ఇప్పుడు క్లాస్-డిఫాల్ట్‌లోనూ కెమెరా క్లాసులోనూ డ్రాపులు కనిపిస్తున్నాయి. భీమవరం లాగ్‌లో ఐపీసెక్ రీప్లే ఎర్రర్లు (పాత ప్యాకెట్ మళ్ళీ వచ్చిందనే ఫిర్యాదులు) కొత్తగా వస్తున్నాయి, ఫుటేజీ ఆగి ఆగి ఎక్కుతోంది. డ్రాపులు పోవడానికి క్యూ-లిమిట్ (క్యూలో నిలిచే ప్యాకెట్ల హద్దు) 1000 చేయనా?

గట్టుమీద_రౌటర్:
ఆయ్, ఆ డ్రాపులు ఉండాల్సినవేనండి. టీసీపీ (ఫైళ్ళు పంపే పద్ధతి) వాటిని చూసే జోరు తగ్గించుకుంటుంది. 1500 బైట్ల ప్యాకెట్లు 1000 నిలబెడితే 19 ఎంబీపీఎస్ మీద ఖాళీ అవడానికి 630 మిల్లీసెకన్లు పడుతుంది. అదే క్లాసులో ఉన్న బిల్లింగ్ స్క్రీను పాకుతుంది. కదపకండి.

రీప్లే ఎర్రర్లు వేరే కథ. సీక్వెన్స్ నంబరు ఎన్‌క్రిప్ట్ చేసేటప్పుడే పడిపోతుంది, క్యూ ఆ తర్వాత. వాయిస్ ముందుకి దూకితే వెనక నిలబడ్డ కెమెరా ప్యాకెట్ పాత నంబరుతో ఆలస్యంగా చేరుతుంది. అవతలి విండో మామూలుగా 64 ప్యాకెట్లే, దాని బయటపడినదాన్ని దాడి అనుకుని పారేస్తుంది. భీమవరం రౌటర్లో క్రిప్టో ఐపీసెక్ సెక్యూరిటీ-అసోసియేషన్ రీప్లే విండో-సైజ్ 1024 ఇచ్చి, టన్నెల్‌ని ఒకసారి క్లియర్ చేయండి, పాత ఎస్‌ఏలకి (టన్నెల్ రెండు చివరల మధ్య ఒప్పందాలకి) కొత్త సైజు అంటుకోదు. భీమవరంలో షేపింగ్ పెట్టాక ప్లాంటు రౌటర్‌కీ అదే చేయండి. కొందరు రీప్లే చెక్కే తీసేయమంటారు, ఆ పని మాత్రం వద్దండి.

కోనసీమ_టవర్:
ఇది చదివే చెరువుల వాళ్ళకి ఒక మాట. మీ లింకు ఫైబర్ కాక 5 గిగాహెర్ట్జ్ రేడియో అయితే ఈ 19 లాంటి స్థిరమైన అంకె పనికిరాదు. దారిలో కొబ్బరాకులు వానకి తడిస్తే సిగ్నల్ పడిపోతుంది, రేడియో కింది రేటుకి దిగుతుంది. అప్పుడు క్యూ రౌటర్లో కాక రేడియోలో పేరుకుంటుంది. వానలో వచ్చే వేగం కొలిచి దానికే షేప్ చేయండి, ఎండరోజు కొంత వృథా అయినా సరే. మైక్రోటిక్ రౌటర్‌ఓఎస్ 7లో కేక్ (ఒక క్యూ పద్ధతి) పెట్టినా బ్యాండ్‌విడ్త్ అంకె మనమే ఇవ్వాలి. అసలు మందు స్తంభం ఎత్తు పెంచి చెట్ల మీదుగా దారి చూసుకోవడం.

పరీక్షకి: ఐపెర్ఫ్ (వేగం కొలిచే సాధనం)తో అప్‌లోడ్ నింపి, ఎక్స్‌టెండెడ్ పింగ్‌లో టైప్ ఆఫ్ సర్వీస్ 184 ఇచ్చి ఒకటి, 0 ఇచ్చి ఒకటి, సోర్స్ ల్యాన్ అడ్రస్ పెట్టి కొట్టండి. 184 అంటే ఈఎఫ్. రెండూ ఒకేలా పెరిగితే క్యూ ఇంకా మీ రౌటర్ బయటే ఉంది, షేప్ అంకె అర ఎంబీపీఎస్ చొప్పున దించుకుంటూ రండి.