గుడి స్తంభాలు గీస్తే ఇంకు పాకిపోతోంది, ఏం వాడాలి?

నమస్తే అండి. మాది నల్లగొండ. బడిలో ఉన్నప్పుడు నా నోట్‌బుక్కుల వెనక పేజీల నిండా బొమ్మలే ఉండేవి. పెళ్లి, పిల్లలు, ఉద్యోగం... పద్దెనిమిదేళ్లు పెన్సిల్ ముట్టలేదు. పోయిన దసరాకు ఇల్లు దులుపుతుంటే పాత రంగుల డబ్బా దొరికింది. అప్పటి నుంచి రోజుకో పేజీ గీసి, కింద రెండు ముక్కలు రాస్తున్నాను. సర్వపిండి గిన్నె, క్లాక్‌టవర్ దగ్గర బత్తాయిల బండి, ఏది కనిపిస్తే అది.

మొన్న ఆదివారం పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లాను. పొద్దంతా శివలింగం మీద స్తంభం నీడ పడే గుడి అది. రెండు గంటలు కూర్చుని ఒక్క స్తంభం చెక్కడం ఫౌంటెన్ పెన్నుతో గీశాను. వాటర్ కలర్ వేయగానే నల్ల ఇంకంతా పాకింది, కాగితం ముడతలు పడింది. చాలా బాధేసింది.

తడిచినా చెదరని ఇంకు పెన్ను ఏది మంచిది? ముడతలు పడకుండా 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) మందపాటి కాగితం వాడదామంటే ఖరీదు ఎక్కువ, రోజూ వాడలేను. తేలిక రంగులకు 200 సరిపోతుందా?

ఇంకొకటి. వచ్చే నెల మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి వెళ్తున్నాం. 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడుకున్న చెట్టు కదా, దాన్ని తప్పకుండా గీయాలని ఉంది. అన్ని ఊడలున్న మర్రిని ఎక్కడ మొదలుపెట్టాలి? ఫోటో చూసి ఇంట్లో గీయమంటున్నారు మావాళ్లు. నాకు మాత్రం అక్కడే కూర్చుని గీయాలని ఉంది. అలవాటున్నవాళ్లు కాస్త చెప్పండి.