విలువలకు బరువులు కట్టే మోడల్‌లో గోప్యత ప్రతిసారీ ఓడిపోతోంది, ఎలా సరిచేయాలి?

సైబర్ దాడి అనుమానం వచ్చినప్పుడు తీసుకునే నిర్ణయాల్లో మనుషుల విలువలను లెక్కలోకి తెచ్చే మోడల్ ఇది. పునాది: మనస్తత్వ శాస్త్రవేత్త షాలోమ్ ష్వార్ట్జ్ 1992లో ప్రతిపాదించిన 10 మౌలిక విలువలు. కొలిచేది 21 ప్రశ్నల పీవీక్యూతో (మనిషి విలువలను కొలిచే ప్రశ్నావళి), ఒక్కో జవాబుకు 1 నుంచి 6. కొందరు అన్నిటికీ 5, 6 వేసేస్తారు కాబట్టి, ఎవరి సగటును వారి మార్కుల్లోంచి తీసేశాం. దాంతో కొన్ని సున్నా కంటే కిందికి పోయాయి. వాటిని సాఫ్ట్‌మ్యాక్స్‌తో (ఏ అంకెలనైనా మొత్తం 1 అయ్యే ధన సంఖ్యలుగా మార్చే సూత్రం) బరువులుగా మార్చాం.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఒక ఉద్యోగి ఖాతా మీద అనుమానం. మెయిల్‌బాక్సు మొత్తం తెరవాలా, హెడర్లు (ఎవరు, ఎవరికి, ఎప్పుడు పంపారనే వివరాలు), లాగిన్ సమయాలు చూసి ఆగాలా? విషయం తేలిగ్గా కనబడాలని రెండే విలువలు తీసుకుంటున్నాను: భద్రత బరువు 0.6, గోప్యత 0.4. మొత్తం తెరిస్తే భద్రతకు 0.9, గోప్యతకు 0.1 మార్కులు; బరువులతో గుణించి కూడితే 0.58. హెడర్లతో ఆగితే 0.5, 0.6, మొత్తం 0.54. గోప్యత దాదాపు చచ్చిపోయినా తెరవమనే చెబుతోంది! కూడికలో ఒకదాని నష్టాన్ని ఇంకోటి పూడ్చేస్తుంది, అదే తప్పనిపిస్తోంది.

గోప్యత 0.3 కంటే తగ్గే మార్గాలను ముందే కొట్టేద్దామనుకుంటున్నాం. అయితే ఏ మార్గమూ ఆ గీత దాటకపోతే మోడల్ ఏం చెప్పాలి? గీత గీసే హక్కు ఎవరిది, భద్రతా బృందానిదా, ఖాతాదారులదా? ఇంకొకటి: గోప్యత ఆ పదిలో విడిగా లేదు. దాన్ని ఆ పదిలోని స్వీయ నిర్దేశం (తన నిర్ణయాలు తానే తీసుకునే స్వేచ్ఛ) కింద వేయాలా, భద్రత కింద వేయాలా? ఇలాంటిది కట్టినవాళ్లు దయచేసి చెప్పండి.