బీదలకు సాయం ఆపేసి ఆ డబ్బు సువార్త సభలకు వాడొచ్చా?

కృష్ణాతీరం:
అందరికీ వందనాలు. మా సంఘంలో కొందరు విధవరాళ్ళకు నెలనెలా బియ్యం, కందిపప్పు, నూనె ఇస్తాం. ఈ ఏడాది అది ఆపేద్దామని కమిటీలో ఒక పెద్దాయన పట్టుబట్టారు. పని చేయనివాడు తినకూడదని పౌలే రాశాడు, బీదలు ఎప్పుడూ మీతోనే ఉంటారని యేసే అన్నాడు, పైగా రేషన్, పింఛను ప్రభుత్వం ఇస్తూనే ఉంది కదా అంటారు. సగం మంది తలూపారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు, కానీ వాక్యంతో జవాబు చెప్పాలి. మీరేమంటారు?

గోదావరి తమ్ముడు:
పెద్దాయన అన్నదాంట్లో న్యాయం ఉంది బ్రదర్. ఇచ్చినన్నాళ్ళు వస్తారు, ఆపేస్తే వేరే సంఘానికి వెళ్ళిపోతారు. బయటివాళ్ళేమో బియ్యం కోసం మతం మారారని మొహం మీదే అంటున్నారు. ఆ మాట పడటం కంటే ఆపేయడం మేలు.

గుండ్లకమ్మ ఒడ్డు:
తమ్ముడూ, ఆ నింద కొత్తది కాదు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో చచ్చిపోతున్న జనానికి కూలిపని ఇచ్చాడు, వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం ఇవ్వమని వాళ్ళు బతిమాలుతున్నా 15 నెలల పాటు ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాకే మొదలుపెట్టాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నింద భయంతో ఆయన ఆపింది బాప్తిస్మాన్ని, అన్నాన్ని కాదు. మీ కమిటీ సరిగ్గా తిరగేసి చేస్తోంది.

ఇక వాక్యం. "బీదలు ఎప్పుడూ మీతోనే ఉంటారు" అన్న మాట మార్కు 14:7లో చూడండి, మీకు ఇష్టమైనప్పుడల్లా వాళ్ళకు మేలు చేయవచ్చని ఆ వెంటనే ఉంది. పాత నిబంధనలో ఇదే మాట ద్వితీయోపదేశకాండం 15:11లో ఉంది, దేశంలో బీదలు లేకుండా పోరు, కాబట్టి చెయ్యి చాపి ఇవ్వమని ఆజ్ఞ. ఇవ్వమని చెప్పిన వచనాన్ని పట్టుకుని ఇవ్వడం మానేద్దామంటే ఎలా? పౌలు గద్దించింది ఒళ్ళు వంచకుండా పరుల జోలికి పోయేవాళ్ళని. మీ జాబితాలో ఉన్నది విధవరాళ్ళు.

ఇంకొకటి, ఇది నన్ను బాగా బాధపెట్టే విషయం. దశమ భాగం, అంటే రాబడిలో పదో వంతు, మందిరానికి తెమ్మనే మలాకీ 3:10 ప్రతి ఆదివారం వింటాం. కానీ మూడో ఏటి దశమ భాగాన్ని ఊళ్ళోనే ఉంచి మందిర సేవ చేసే లేవీయులతో పాటు పరదేశులు, తండ్రిలేనివాళ్ళు, విధవరాళ్ళు తృప్తిగా తినేలా చూడమన్న ద్వితీయోపదేశకాండం 14:28-29 మీద ప్రసంగం నేనైతే వినలేదు. మా వీధిలో ఒక పెద్దామె ఎండాకాలమంతా మిర్చి తొడిమలు తీస్తుంది. చేతుల మంటకి రాత్రి నీళ్ళ గిన్నెలో వేళ్ళు పెట్టుకుని కూర్చుంటుంది. ఆదివారం కానుక సంచిలో పది రూపాయల కాగితం మడిచి వేస్తుంది. ఆమెను పనిచేయనిది అంటామా?

గోదావరి తమ్ముడు:
క్లౌ గారు ఊరికే పెట్టలేదుగా అన్నా, పని చేయించి కూలి ఇచ్చారు. నేననేదీ అదే.

గుండ్లకమ్మ ఒడ్డు:
అవును, పని ఆయనే వెతికి తెచ్చాడు. మీ పెద్దలు కూడా తెమ్మనండి, సంతోషమే. ఓపికున్నవాళ్ళకి కుట్టుమిషనో, వడ్డీ లేని చేబదులో ఇవ్వండి. ఓపిక లేని ముసలామెకి మాత్రం బియ్యమే ఇవ్వాలి. పొలం కోసినవాళ్ళ కూలి బిగబట్టినవాళ్ళని యాకోబు 5:4 ఎలా గద్దించిందో కూడా చదవండి. కూలి వారాల తరబడి ఆపి, గుడికి మాత్రం ఫ్యాన్లు, మైకులు కానుకిచ్చే అన్నయ్యలు ప్రతి సంఘంలో ముందు వరసలోనే కూర్చుంటారు.

దోహా నుంచి:
అక్కడ ఇచ్చే పద్ధతి కూడా మార్చండి బ్రదర్స్. మేం కొంతమందిమి పోగుచేసి పంపితే, బియ్యం సంచి పట్టుకున్న ఆడవాళ్ళని ఫ్లెక్సీ ముందు నిలబెట్టి ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టారు. అందులో ఒకామె నాకు వరసకు పిన్ని. తల వంచుకుని ఉంది. దానం రహస్యంగా చేయమన్న మత్తయి 6 చదివినవాళ్ళు చేసే పనేనా ఇది? చీకటిపడ్డాక ఇంటికెళ్ళి ఇచ్చి రండి, చాలు.

గోదావరి తమ్ముడు:
ఫొటోల సంగతి నిజం. అది నాకూ నచ్చదు. కానీ తాగేవాళ్ళ ఇంటికి ఇస్తే ఆ బియ్యం అమ్మేస్తారు, దానికేం చేస్తారు?

గుండ్లకమ్మ ఒడ్డు:
ఆ ఇంటి ఆడమనిషి చేతికే ఇవ్వండి, పిల్లల ఫీజు స్కూల్లోనే కట్టండి. ఎవరిని జాబితాలో చేర్చాలో 1 తిమోతి 5లో పౌలే పద్ధతి చెప్పాడు. ఒకడు తాగుతాడని పదిమందికి ఆపడం ఆ పద్ధతిలో లేదు.

కృష్ణాతీరం:
అందరికీ థాంక్స్. వచ్చే ఆదివారం కమిటీలో ద్వితీయోపదేశకాండం 14, 15 చదివించాకే ఓటింగ్ పెట్టమంటాను. కానుకల లెక్కల పుస్తకం కూడా బల్ల మీద పెట్టమంటాను. పోయిన ఏడాది సభల స్టేజీకి, లైట్లకి ఎంత పోయిందో అందరూ చూడాలి.