గడ్డి దుమ్ముకూ రాత్రి జ్వరానికీ ఏమిటి సంబంధం? జాక్ పెపిస్ పరిశోధన గురించి

ప్రశ్న (తెనాలి దగ్గరి రైతు కుమారుడు):

మా నాన్నగారికి 61 ఏళ్లు. ఇంట్లో ఆరు గేదెలు ఉన్నాయి. వానకు తడిసిన వామిలోంచి మధ్యాహ్నం మూడు గంటలకు గడ్డి దూసి వేసిన రోజున, పని చేస్తున్నంతసేపూ ఆయన బాగానే ఉంటారు. రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు మాత్రం చలిజ్వరం, పొడిదగ్గు, ఆయాసం మొదలై మర్నాటికి చాలావరకు తగ్గిపోతాయి. మలేరియా అనీ, న్యుమోనియా అనీ రెండేళ్లు మందులు వాడాము. ఈ మధ్య ఒక వైద్యులు స్కాన్ చూసి ఇది ‘ఫార్మర్స్ లంగ్’ (ముక్కిన గడ్డి దుమ్ము వల్ల రైతులకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) కావచ్చునని చెబుతూ, జాక్ పెపిస్ అనే పరిశోధకుడిని ప్రస్తావించారు. ఆయన కనుగొన్నది ఏమిటి? పగలు పీల్చిన దుమ్ముకు రాత్రి జ్వరం ఎందుకు వస్తుంది?

సమాధానం 1 (మైక్రోబయాలజీ అధ్యాపకుడు):

ఈ జబ్బును 1932లోనే ఇంగ్లండ్‌లోని వెస్ట్‌మోర్లాండ్ రైతులలో క్యాంప్‌బెల్ అనే వైద్యుడు గుర్తించి రాశారు. గడ్డిలోని ఏ పదార్థం దీనికి కారణమన్నది మాత్రం ఆ తరువాత మూడు దశాబ్దాల వరకు తేలలేదు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చి లండన్‌లోని బ్రాంప్టన్ ఆసుపత్రిలో పనిచేసిన పెపిస్, రోగుల రక్తంలోని సీరమ్‌ను (గడ్డకట్టాక మిగిలే పలచని ద్రవాన్ని), ముక్కిపోయిన గడ్డి నుంచి తీసిన సారాన్ని జెల్‌లో ఎదురెదురుగా ఉంచి, రెండూ కలిసిన చోట తెల్లని గీత ఏర్పడుతుందా అని పరీక్షించారు. గీత ఏర్పడితే, గడ్డిలోని ఆ పదార్థానికి ఎదురుగా రోగి శరీరం ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారుచేసిందని అర్థం. గడ్డి తడిగా ఉండగా కట్టివేస్తే అది లోపల 50, 60 డిగ్రీల వరకు వేడెక్కుతుందని, ఆ వేడిలోనే కొన్ని సూక్ష్మజీవులు విపరీతంగా పెరుగుతాయని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలోని గ్రెగరీ, లేసీ గమనించారు. ఈ రెండు దారులూ కలిసిన ఫలితంగా, అసలు మూలం మామూలు బూజు కాదని, వేడిని ఇష్టపడే ఆక్టినోమైసీట్స్ అనే ఒక రకం బ్యాక్టీరియా అని 1963లో నిర్ధారణ అయింది. వీటి స్పోర్లు (విత్తనాల వంటి సూక్ష్మ కణాలు) సుమారు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు మాత్రమే ఉంటాయి కాబట్టి ముక్కులోనో గొంతులోనో ఆగకుండా ఊపిరితిత్తుల లోపలి చిన్న గాలి గదుల దాకా చేరుకుంటాయి.

సమాధానం 2 (ఊపిరితిత్తుల విభాగంలో వైద్యురాలు, విశాఖపట్నం):

మీ రెండవ ప్రశ్నకు జవాబు ఇది. తుమ్ములు, పిల్లికూతలు వంటి అలర్జీ నిమిషాలలో బయటపడుతుంది. ఇది ఆ రకం కాదు. గాలి గదుల గోడలలో వాపు నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి లక్షణాలు నాలుగు నుంచి ఎనిమిది గంటల తరువాత వస్తాయి. పని ముగించి ఇంటికి చేరాక జ్వరం రావడం వల్ల రోగి గానీ వైద్యుడు గానీ పనిని అనుమానించరు. నా దృష్టిలో పెపిస్ చేసిన గొప్ప మేలు ఈ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోవడమే. కార్మికుడు ఫ్యాక్టరీలో చేసే పనినే ఆయన ఆసుపత్రిలోని చిన్న గదిలో చేయించేవారు: వార్నిష్ పూయడం, అనుమానం ఉన్న పొడిని లాక్టోజ్‌తో కలిపి ఒక పళ్లెంలోంచి మరొక పళ్లెంలోకి ఒంపడం. తరువాత గంటల తరబడి శ్వాస సామర్థ్యాన్ని కొలిచేవారు. అవి నిపుణుల పర్యవేక్షణలో జరిగిన పరీక్షలు. ఇంట్లో నాన్నగారి చేత అటువంటి ప్రయత్నం దయచేసి చేయించవద్దు. రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయం కాదు, ఏ బాధా లేని రైతులలో కూడా అలా రావచ్చు. గడ్డి ముట్టిన వేళనూ, జ్వరం వచ్చిన వేళనూ ఒక పుస్తకంలో రాసి వైద్యులకు చూపండి. ఇలాగే సంవత్సరాలు సాగితే ఊపిరితిత్తులు గట్టిపడి, ఆ నష్టం తిరిగి పూడదు. మన దేశంలో ఇదే కోవకు చెందిన జబ్బు సరిగా శుభ్రం చేయని ఎయిర్ కూలర్ల వల్ల కూడా ఎక్కువగా కనిపిస్తోంది కనుక, ఇంట్లో కూలర్ ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి.

సమాధానం 3 (పారిశ్రామిక భద్రతా విభాగం ఉద్యోగి):

బట్టలు ఉతికే పౌడర్లలో ఎంజైములు కలపడం మొదలైన కొత్తలో ఆ కర్మాగారాల కార్మికులకు ఉబ్బసం రావడాన్ని 1969లో ఫ్లిండ్ట్ అనే వైద్యుడు వెల్లడించగా, పెపిస్ బృందం అది ఎంజైముల వల్ల కలిగిన అలర్జీయేనని పరీక్షలతో చూపింది. ఆ తరువాత ఎంజైములను దుమ్ముగా లేవని పూత గుళికలుగా చేయడం మొదలైంది. మాస్కు అవసరమే, కానీ దుమ్మునే లేవకుండా చేయడం అంతకన్నా ముఖ్యం. మీరు కూడా గడ్డిని పూర్తిగా ఎండనిచ్చి, కింద ఎత్తు కట్టి, పైన కప్పి వామి వేయండి.

ప్రశ్న వేసినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం ముక్కుకు గుడ్డ కట్టుకొని వామిలో మోచేతి దాకా చెయ్యి పెట్టాను. పైన చల్లగానే ఉన్నా లోపల వెచ్చగా తగిలింది. ఒక పిడికెడు లాగితే తెల్లని పొడి పొగలా లేచింది. నాన్నగారిని దూరంగా కూర్చోబెట్టాను. ఇకపై గడ్డి దూసే పని నేనూ మా పాలేరూ మాస్కులు పెట్టుకొని చేస్తాము. వేళలు రాసే పుస్తకం ఈ రోజే మొదలుపెట్టాను.