అధిక రక్తస్రావానికి అశోక బెరడు కషాయం వాడినవారు ఉన్నారా?

వేకువ: ఆరు నెలలుగా నాకు నెలసరి 8, 9 రోజులు సాగుతోంది. అశోక బెరడు కషాయం తాగమని ఇంట్లో పెద్దవారు పట్టుబడుతున్నారు. దాన్ని ఎన్నాళ్లు వాడాలో, నేను వేసుకుంటున్న ఐరన్ మాత్రలతో కలిపి తీసుకోవచ్చో లేదో దయచేసి చెప్పండి.

తెల్లమల్లె: నన్ను ఆదుకున్నది శతావరి. కాన్పయ్యాక పాలు చాలక కుమిలిపోతున్న రోజుల్లో ఆ వేరు పొడిని పాలలో కలుపుకొని రెండు నెలలు తాగాను, బిడ్డ కడుపు నిండింది. శతావరిని తక్కువ చేసి మాట్లాడేవారిని నేను సహించలేను.

పత్రహరితం: ఇరవై ఏళ్లుగా వృక్షశాస్త్రం బోధిస్తున్నాను కనుక చెబుతున్నాను, ముందు ఆ బెరడు ఏ చెట్టుదో తేల్చుకోండి. అసలైన అశోకానికి నారింజ రంగులో పూసి క్రమంగా ఎర్రబడే పూలగుత్తులు ఉంటాయి. స్తంభంలా నిటారుగా పెరిగి, అలలు తిరిగిన అంచులున్న ఆకులతో వేలాడేది నరమామిడి. దాని బెరడు అశోకం పేరుతో తరచుగా అమ్ముడవుతోంది, పొడి కొట్టాక కంటితో గుర్తించలేము.

పాతకాపు: మా పెరటి చెట్టు నిటారుగానే ఉంటుంది, మా అత్తగారికి దాని కషాయంతోనే తగ్గింది. పుస్తకాలు చదివినంత మాత్రాన పెద్దల అనుభవాన్ని కొట్టిపారేయడం తగదు.

పత్రహరితం: నేను ఎవరి అనుభవాన్నీ కొట్టిపారేయలేదు, చెట్టు పేరు తప్పని మాత్రమే అన్నాను. నిటారుగా ఉందని మీరే రాశారు. అంతరించే ముప్పున్న వృక్షాల జాబితాలో అసలైన అశోకం ఉండగా, కనిపించిన ప్రతి చెట్టునూ అశోకమనడం నాకు బాధ కలిగిస్తోంది.

పాతకాపు: బాధ మీకొక్కరికే ఉండదు. పెద్దావిడ మాట అబద్ధమన్నట్లు మాట్లాడితే మాకూ బాధే.

చిగురు: చెట్టు సంగతి తేలేలోగా ఈ అమ్మాయికి రక్తం తగ్గిపోతుంది. నేను ఏడు నెలలు కషాయాన్ని నమ్ముకున్నాను. 12 ఉండవలసిన హిమోగ్లోబిన్ 7కు పడిపోయాక గానీ స్కానింగ్‌కు వెళ్లలేదు, అప్పటికి గర్భాశయంలో ఫైబ్రాయిడ్ అనే గడ్డ పెరిగిపోయి ఉంది. వేకువ గారూ, మొదట కారణం తెలుసుకోండి. అశోక బెరడులోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఇనుమును పట్టి ఉంచి ఒంటికి అందనివ్వవు కాబట్టి, కషాయం తాగినా మాత్రతో కలిపి మాత్రం తాగవద్దు.

తెల్లమల్లె: శతావరికి ఆ ఇబ్బంది లేదు.

చిగురు: అమ్మా, ఆమె అడిగింది పాల గురించి కాదు.

వేకువ: వచ్చే వారం స్కానింగ్‌కు వెళ్తున్నాను.

పాతకాపు: ఇప్పుడే పెరట్లోకి వెళ్లి చూశాను. ఆకుల అంచులు అలలు తిరిగే ఉన్నాయి. అయినా మా అత్తగారికి తగ్గిన మాట వాస్తవం.