అప్‌డేట్: ఘానా వెళ్లి వచ్చాను

ఘానా బడుల్లో ఆటలు, ఆరోగ్యం నేర్పే వాలంటీర్‌గా వెళ్లాలనుంది, ఏజెన్సీ అడుగుతున్న ఫీజు సబబేనా అని ఏడాది మొదట్లో అడిగాను. "ఆ డబ్బు ఎవరికి చేరుతుందో కనుక్కో" అన్నారు మీరు. అడిగితే లెక్క చెప్పలేదు, మానుకున్నాను. అక్కడి బడిలోనే పనిచేసే తెలిసినావిడ ద్వారా నేరుగా వెళ్లి, మూడు నెలలుండి మొన్ననే హైదరాబాద్ చేరాను. మీ అందరికీ చాలా థ్యాంక్స్.

వెళ్లేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా మర్చిపోకండి, ఘానాకు అది తప్పనిసరి. నేను హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించుకున్నాను. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు (టీకా సర్టిఫికెట్) జీవితాంతం చెల్లుతుంది.

ఫుట్‌బాల్‌లో ఆ పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే ఖోఖో, ఏడుపెంకులాట నేర్పాను. పెంకుల బదులు చదునైన రాళ్లు ఏరుకొచ్చారు. ఒకరోజు ఒక పాప, "దోమ కుడితే హెచ్‌ఐవీ వస్తుందా?" అంది. రాదని చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. ఆ రాళ్లే ఒంట్లోని రక్షణ కణాలు, బంతి వైరస్ అనుకోమన్నాను. బంతి తగిలి రాళ్లు కూలాయి. మందులు వాడితే మళ్లీ నిలబడతాయంటూ ఒక్కొక్కటే పేర్పించాను. ఆ పాప పై రాయి పెట్టి, చెయ్యి తియ్యకుండానే, "రోజూ వేసుకోవాలా?" అంది. "రోజూ, మానకుండా" అన్నాను. అంతా నిశ్శబ్దం. నా మూడు నెలల్లో నాకు బాగా గుర్తుండేది అదే.

మూడు నెలలు చాలా తక్కువ. అందుకే మొదటి వారం నుంచే అక్కడి పీఈటీ సార్‌ని పక్కన పెట్టుకుని నేర్పాను. నిన్న ఆయన వీడియో పంపారు. ఖోఖోలో పిల్లలంతా ఒకే వైపు తిరిగి కూర్చున్నారు. ఇవాళ ఫోన్ చేసి చెప్పాలి.